హోబా ఉల్క

హోబా ఉల్క నమీబియాలో, గ్రూట్‌ఫాంటైన్ పట్టణానికి దగ్గర్లో ఉన్న భారీ ఇనుప ఉల్క. భూమ్మీద ఒకే ముక్కగా దొరికిన ఉల్కల్లో ఇదే అతి పెద్దది. బరువు సుమారు 60 టన్నులు. పడి 80,000 ఏళ్లకు మించి ఉండదని అంచనా.

ఆవిష్కరణ: 1920లో యాకోబస్ హెర్మానస్ బ్రిట్స్ అనే రైతు హోబా వెస్ట్ కమతంలో దున్నుతుండగా నాగలి లోహాన్ని గీరిన చప్పుడు చేసి ఆగిపోయిందని చెబుతారు. తవ్వి చూస్తే దాదాపు 2.7 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 0.9 మీటరు మందం ఉన్న బల్లపరుపు లోహపు దిమ్మె బయటపడింది. చుట్టూ గొయ్యి ఆనవాళ్లు లేవు.

వర్గీకరణ: ఇందులో సుమారు 84 శాతం ఇనుము, 16 శాతం నికెల్, కొద్దిగా కోబాల్ట్ ఉన్నాయి. చాలా ఇనుప ఉల్కలను కోసి, నునుపు చేసి, ఆమ్లం పూస్తే ఒకదాన్నొకటి ఖండించుకునే పట్టీలు కనిపిస్తాయి. వీటిని విడ్‌మాన్‌స్టేటన్ నమూనా అంటారు. నికెల్ ఎక్కువగా ఉన్న హోబాలో అవి కంటికి కనిపించవు. అందుకే దీన్ని అటాక్సైట్‌గా గుర్తించారు. గాలియం, జెర్మేనియం వంటి మూలకాలు అత్యల్పంగా ఉండడంతో రసాయనికంగా ఐవీబీ వర్గంలో చేర్చారు.

సంరక్షణ: సందర్శకులు ముక్కలు కొట్టుకుపోతుండడంతో 1955లో దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఉల్క నేటికీ దొరికిన చోటే ఉంది.