నెట్‌వర్క్ మార్చే పని మెషీన్‌కి ఇస్తే, వెనక్కి తెచ్చేది ఎవరు?

ఆఫీసులో నెట్ పోతే మనందరం చేసే పని ఒకటే, ఐటీ అన్నకి ఫోన్ కొట్టడం. ఇప్పుడు ఆ అన్న చేసే పనిలో చాలా భాగం కోడ్ రాయకుండానే ఆటోమేట్ అవుతోంది. స్క్రీన్ మీద బాక్సులు పెట్టి, గీతలతో కలిపితే చాలు. కొత్త విషయంలా ఉంది కదా? దీని వెనక 40 ఏళ్ల కథ ఉంది.

1983 డిసెంబర్. అమెరికా ఆర్మీ ల్యాబ్‌లో పనిచేసే మైక్ మూస్ 'పింగ్' రాశాడు. "ఉన్నావా?" అని అడిగితే అవతలి కంప్యూటర్ "ఉన్నా" అంటుంది, అంతే. 1988లో ఎస్‌ఎన్‌ఎంపీ వచ్చింది. ఇందులో 'గెట్' అంటే సమాచారం చెప్పు, 'సెట్' అంటే సెట్టింగ్ మార్చు అని. కానీ మొదటి వెర్షన్‌లో పాస్‌వర్డ్ లాంటి పదం ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్లేది. అందుకే చాలామంది అడ్మిన్లు గెట్ వాడుకున్నారు గానీ, సెట్ జోలికి పోలేదు. 1995లో టోబీ ఓటికర్ తెచ్చిన ఎంఆర్‌టీజీ కూడా 5 నిమిషాలకోసారి ట్రాఫిక్ లెక్క చదివి గ్రాఫ్ గీసేది. అంటే, చూసే పని మెషీన్‌ది, మార్చే పని మనిషిది.

మార్చడం కోసమే 2006లో నెట్‌కాన్ఫ్ అనే స్టాండర్డ్ వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన ఫీచర్ ఒకటుంది, 'కన్ఫర్మ్డ్ కమిట్'. సెట్టింగ్ మార్చాక 10 నిమిషాల్లో "ఓకే" అని మళ్లీ చెప్పాలి. చెప్పకపోతే రౌటర్ తనంతట తానే పాత సెట్టింగ్‌కి వెళ్లిపోతుంది.

ఇక బాక్సుల కాలం. 2013లో ఐబీఎంలో నిక్ ఓలియరీ, డేవ్ కాన్వే-జోన్స్ నోడ్-రెడ్ మొదలుపెట్టారు. 2019లో బెర్లిన్ నుంచి యాన్ ఓబర్‌హౌజర్ ఎన్8ఎన్ తెచ్చాడు. 'నోడ్‌మేషన్' ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి ఎన్‌కీ చివరి ఎన్‌కీ మధ్య 8 అక్షరాలు, అదీ ఆ పేరు. స్విచ్ పింగ్‌కి పలకకపోతే టెలిగ్రామ్‌లో మెసేజ్ పంపే ఫ్లో ఇందులో ఈజీగా కట్టేయొచ్చు. సెట్టింగ్ మార్చే బాక్స్ కూడా అంతే ఈజీ. అసలు రిస్క్ ఇక్కడే.

2021 అక్టోబర్ 4 రాత్రి మీ వాట్సాప్, ఇన్‌స్టా ఆగిపోవడం గుర్తుందా? మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ ఫేస్‌బుక్ డేటా సెంటర్లని కలిపే నెట్‌వర్క్ మొత్తాన్ని తెంచేసింది. తప్పు కమాండ్‌ని ఆపాల్సిన టూల్‌లో బగ్ ఉంది. బాగు చేద్దామంటే రిమోట్‌గా లోపలికి వెళ్లే దారి కూడా ఆ నెట్‌వర్కే. ఇంజనీర్లు డేటా సెంటర్లకి మనుషులుగా వెళ్లాల్సి వచ్చింది. దాదాపు 6 గంటలు పట్టింది.

మీ ఆఫీసులో కూడా లాజిక్ ఇదే. మీ ఎన్8ఎన్ సర్వర్ అదే నెట్‌వర్క్ మీద ఉండి, అది పంపిన మార్పు ఆ నెట్‌వర్క్‌నే కట్ చేసిందనుకోండి. "అన్‌డూ" అని చెప్పడానికి దానికి దారే ఉండదు. మనం కూర్చున్న కొమ్మని మనమే నరుక్కున్నట్టు.

అందుకే చూసే పని బాక్సులకి ధైర్యంగా ఇచ్చేయండి. మార్చే బాక్స్‌కి ముందు మాత్రం ఒక మనిషి "యెస్" అనే స్టెప్ పెట్టండి. వెనక్కి వెళ్లే టైమర్ ఉంటే దాన్ని రౌటర్‌లోనే ఆన్ చేయండి, ఫ్లోలో కాదు. ఐటీ అన్న ఉద్యోగం పోతుందా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే. ఆ "యెస్" ఎప్పుడు చెప్పాలో, ఎప్పుడు చెప్పకూడదో తెలిసినవాళ్లకి పని ఉంటుంది.