తప్పు మనది కాదు, కోర్టు మన ఊళ్లో లేదు

రోడ్డు ప్రమాదంలో తప్పు అవతలి బండిదేనని చూసినవాళ్లంతా చెప్పినా, ఆ మాటకు డబ్బు రూపంలో విలువ రావడానికి మన దేశంలో చాలా ఏళ్లు పట్టింది. ఈ చరిత్ర వకీళ్లకు కొత్త కాదు. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఇంకో భాష, వియ్యంకుడి ఊరు పక్క రాష్ట్రంలో - ఇలా బతికే మనబోటివాళ్ల వైపు నుంచి రాసినది మాత్రం నా కంటపడలేదు. అందుకే పూనుకున్నాను.

మోటార్లు రాకముందే, 1855లో, ప్రమాద మరణాలకు పరిహారం కోరే చట్టం ఒకటి వచ్చింది. పోయినవారి కుటుంబం సివిలు కోర్టుకెక్కి, అడిగే సొమ్మును బట్టి ఫీజు కట్టి, అవతలివాడి నిర్లక్ష్యాన్ని రుజువు చెయ్యాలి. గెలిచినా, లారీ యజమాని చేతులెత్తేస్తే డిక్రీ కాగితమే మిగిలేది. ఇంగ్లండులో 1930లో బండికి బీమా తప్పనిసరి చేశారు. ఆ బాటలోనే ఇక్కడ 1939 మోటారు వాహనాల చట్టం వచ్చింది. అందులోని బీమా అధ్యాయం మాత్రం 1946 జూలై 1న గాని అమల్లోకి రాలేదు. ఈ లెక్కలో బీమా కంపెనీ ఒకరు, బండి యజమాని రెండోవారు, దెబ్బ తిన్నవాడు 'థర్డ్ పార్టీ', అంటే మూడో మనిషి. కాలు విరిగినవాణ్ణి మూడోవాడనడం నాకెప్పుడూ విచిత్రంగానే ఉంటుంది.

1956లో సవరణ చేసి, ఇలాంటి కేసులకు ప్రత్యేక ట్రిబ్యునళ్లు పెట్టడానికి వీలు కల్పించారు. భాషల వారీగా రాష్ట్రాల పునర్విభజన జరిగిన ఏడూ అదే. రెండింటికీ సంబంధం లేదు గాని, మన మీద రెండూ కలిసి పడ్డాయి. ఎందుకంటే ప్రమాదం ఎక్కడ జరిగితే అక్కడి ట్రిబ్యునల్‌కే వెళ్లాలని నియమం. 1953 అక్టోబరు 1 దాకా మా హోసూరూ చిత్తూరూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. రాష్ట్రం వేరయ్యాక పెళ్లి సంబంధాలు మారలేదు, తిరుపతి మొక్కులు మారలేదు. దారిలో దెబ్బ తగిలితే మాత్రం పరాయి రాష్ట్రంలో వ్యాజ్యం.

నిర్లక్ష్యం రుజువు కానిదే పరిహారం లేదని 1977లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. లారీ గుద్ది ఆగకుండా పోతే, చూసినవాడు సాక్ష్యానికి రాకపోతే, ఇంక రుజువేముంటుంది? జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ కష్టాన్ని చూశారు. తమిళనాడులో ఒక బస్సు వేలాడే కరెంటు తీగకు తగిలి ప్రయాణికులు చనిపోయిన కేసులో, క్రిమినల్ కోర్టు డ్రైవరును వదిలేసినంత మాత్రాన పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదని 1980లో తీర్పిచ్చారు. 1982లో పార్లమెంటు ఇంకో మెట్టు ఎక్కింది: తప్పెవరిదని అడగకుండానే మరణానికి 15,000, శాశ్వత అంగవైకల్యానికి 7,500 రూపాయలు. 1988 చట్టంలో అవి 25,000, 12,000 అయ్యాయి.

ఆ పన్నెండు వేలు మా ఇంటికీ వచ్చాయి. 1992లో పలమనేరు దగ్గర, రోడ్డు పక్కన ఆపి ఉన్న మా పాత అంబాసిడర్‌ను ఒక లారీ వెనకనుంచి గుద్దింది. లోపల కూర్చున్న మా నాయనకు తొడ ఎముక విరిగింది. హోసూరు తెలుగు బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి. ఆ తర్వాత కర్ర లేకుండా నడవలేదు.

అప్పుడు తెలిసింది, నడవాల్సిన దారులు రెండని. మనిషికి తగిలిన దెబ్బకు లారీ బీమా కంపెనీ మీద ట్రిబ్యునల్‌కు పోవాలి. బండికైతే, అవతలి కంపెనీ చేత కట్టించడానికి చట్టం నిర్బంధించిన హద్దు 6,000 రూపాయలే. అందుకని అందరూ తమ పాలసీ మీదే బాగు చేయించుకునేవాళ్లు. కంపెనీల మధ్య కూడా ఎవరి బండి ఖర్చు వాళ్లే పెట్టుకుందామన్న ఒప్పందం ఉండేది. కంపెనీలకు అది సుఖమే. తప్పు చేయని మనిషికి మాత్రం 'నో క్లెయిమ్ బోనస్' పోతుంది. ఆ రాయితీ మనం క్లెయిము చేయలేదన్నందుకు ఇచ్చేది, తప్పు చేయలేదన్నందుకు కాదు. ఇది నేటికీ ఇంతే.

బండి క్లెయిముకు మా పాలసీ ఇచ్చిన ఆఫీసుకు వెళ్లాను. ఆంధ్రా పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. తెలుగులో ఉంది. గుమస్తా అటూ ఇటూ తిప్పి చూసి, ఇంగ్లీషులోకి మార్పించి నోటరీ సంతకంతో తెమ్మన్నాడు. మర్యాదగానే అన్నాడు. మంచం మీదున్న మా నాయనకు చెబితే నవ్వాడు: "సర్కారు కాగితం తెలుగులో ఇయ్యండని ఇన్నేండ్లు అర్జీలు పెడితిమి కదరా. ఇచ్చినారు చూడు!"

ట్రిబ్యునల్ కేసు చిత్తూరులో. వాయిదా వాయిదాకూ రెండు బస్సులు మారి, ఆ కాలితో. లారీ కంపెనీ వకీలు, మా కారు రోడ్డు మీదికి వచ్చి నిలిచింది గనక తప్పులో మాకూ భాగముందన్నాడు. పంచనామా చదివి వినిపించాక ఆ మాట ఎత్తలేదు. 1997లో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. వచ్చింది ఖర్చులకు సరిపోయింది. ఇంకా పోరాడి ఉంటే ఎక్కువ వచ్చేదని చుట్టాలు అన్నారు. చిత్తూరు బస్సెక్కింది వాళ్లు కాదు.

మా కేసు నడుస్తుండగానే, 1994 నవంబరు 14 నుంచి అమలైన సవరణ ఆ నియమాన్ని మార్చింది. బాధితుడు తాను నివసించే చోటు, లేదా ప్రతివాది ఉన్న చోటు కూడా కేసు వేసుకోవచ్చు. ఆరు నెలల గడువును కూడా ఎత్తేశారు. పత్రికలు తప్పులేని పరిహారం 50,000కు పెరగడాన్నే పెద్దగా రాశాయని నాకు గుర్తు. నా లెక్కలో మాత్రం సరిహద్దు మనుషులకు పెద్ద మేలు ఆ మొదటి మార్పే. బళ్లారివాడు గుంతకల్లులో, బరంపురంవాడు ఇచ్ఛాపురంలో దెబ్బ తింటే, ఇంటి దగ్గర వకీలును పెట్టుకోవచ్చు. 2016లో సుప్రీంకోర్టు ఇంకొంచెం సడలించింది. హుగ్లీ జిల్లాలో జరిగిన ప్రమాదానికి, బీమా కంపెనీ ఆఫీసున్న కలకత్తాలో వేసిన కేసు చెల్లుతుందని తేల్చింది.

2019 సవరణలోని కొత్త ఏర్పాట్లు 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. తప్పు రుజువు చేయనక్కరలేని పరిహారం మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అయింది. అదే రోజు నుంచి ఆరు నెలల గడువు మళ్లీ వచ్చి కూర్చుంది. దీన్ని సవాలు చేస్తూ కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. ఆస్పత్రిలో ఉన్నవాడికి ఆరు నెలలు ఎంతసేపు?

ఆ 2022 నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ట్రిబ్యునల్‌కూ బీమా కంపెనీకీ తొలి నివేదిక పంపాలి. బాధితుడికి అతని హక్కులు రాసి ఉన్న కాగితం ఒకటి, ఫారం-2, పది రోజుల్లో చేతికివ్వాలి. మన ఊళ్లలో ఆ కాగితం ఏ భాషలో ఇస్తున్నారో, అందుకున్నవారు ఎవరైనా ఉంటే ఈ పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి.