నాగ అంటే పాము కాదు: చరిత్ర కాలిపోయిన ఒక సుండా పల్లె కథ

ఇవాళ మనం ఇండోనేషియా వెళ్తున్నాం. బాలి కాదు, జకార్తా కూడా కాదు. జావా దీవి పడమటి కొండల్లో, ఒక లోయ అడుగున ఉన్న చిన్న పల్లెకి. ఊరంతా కలిపి ఒకటిన్నర హెక్టార్లు. అంటే నాలుగెకరాలు కూడా లేదు. నూటికి కాస్త పైగా ఇళ్ళు, సుమారు మూడొందల మంది జనం. పేరు కంపుంగ్ నాగ. కంపుంగ్ అంటే పల్లె అని అర్థం.

నాగ అనగానే మనకు పడగ విప్పిన పాము గుర్తొస్తుంది కదా. అక్కడివాళ్ళు ఎక్కువగా చెప్పే అర్థం వేరు. సుండా భాషలో ‘నా గవిర్’ అంటే నిటారు గట్టు మీద అని. అదే పలకగా పలకగా నాగ అయిందంటారు. ఊరు చూస్తే నిజమే అనిపిస్తుంది. గరుత్ నుంచి తసిక్‌మలాయ వెళ్ళే మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి, నాలుగొందలకు పైగా మెట్లు కిందికి దిగితే గానీ ఊరు రాదు. దిగడం సులువే, మళ్ళీ ఎక్కడమే ఉంది అసలు సంగతి!

అన్నట్టు సుండా అంటే ఆఫ్రికాలోని సూడాన్ కాదు. చాలామంది పొరబడతారు. పశ్చిమ జావా కొండ ప్రాంతం వీళ్ళ సొంత నేల. 2010 జనాభా లెక్కల్లో వీళ్ళు 3.67 కోట్ల మంది, జావా వాళ్ళ తర్వాత ఇండోనేషియాలో రెండో పెద్ద జాతి. వీళ్ళ ఊళ్ళ పేర్లలో, నదుల పేర్లలో ‘చి’ తెగ వినిపిస్తుంది. చి అంటే నీళ్ళు. మనకు పాలేరు, మున్నేరుల్లో ఏరు చివర్న వస్తే, వాళ్ళకు నీళ్ళు ముందొస్తాయి. కంపుంగ్ నాగ పక్కన పారే నది పేరు చివులన్. అది చికురై అనే కొండ మీద పుడుతుంది. ఈ చికురై పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ ప్రాంతం రాతకు కొత్తది కాదు. 5వ శతాబ్దంలోనే పూర్ణవర్మ అనే రాజు ఇక్కడ తారుమానగర రాజ్యం ఏలాడు. సంస్కృతంలో, దక్షిణాది నుంచి వెళ్ళిన పల్లవ లిపిలో శాసనాలు చెక్కించాడు. ఒక రాయి మీద ఆయన పాదముద్రలున్నాయి, వాటిని విష్ణువు పాదాలతో పోల్చారు. తసిక్‌మలాయ దగ్గర గలుంగ్గుంగ్ అగ్నిపర్వతం చుట్టుపక్కల 1111 నాటి శాసనం దొరికింది. చికురై కొండకి గరుత్ వైపున చిబురుయ్ అనే చోట పాత సుండా తాళపత్రాలు ఈరోజుకీ ఉన్నాయి.

మరి అదే కొండ నీళ్ళు తాగే నాగ పల్లెలో? ఒక్క కాగితం కూడా లేదు. ఎందుకంటే 1956లో ఊరు మొత్తం కాలిపోయింది.

అసలేం జరిగిందో కొంచెం వెనక్కెళ్ళి చూద్దాం. 1945లో ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. డచ్చివాళ్ళు ఒప్పుకోలేదు, యుద్ధం. 1948 జనవరిలో రెన్‌విల్ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం రిపబ్లిక్ సైన్యం పశ్చిమ జావాను ఖాళీ చేసి వెళ్ళాలి. వెళ్ళింది. ఆ ఖాళీలో కార్తోసువిర్యో అనే నాయకుడి దళాలు బలపడ్డాయి. 1949 ఆగస్టులో ఆయన ఈ కొండల్లోనే ఇస్లామిక్ రాజ్యం ప్రకటించాడు. దాన్ని దారుల్ ఇస్లాం ఉద్యమం అంటారు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఈ ప్రాంతంలో రాత్రి ఒకరి రాజ్యం, పగలు ఇంకొకరి రాజ్యం. మధ్యలో నలిగింది ఊళ్ళవాళ్ళు. దళాలకు మద్దతివ్వలేదన్న కోపంతో 1956లో నాగ పల్లెను తగలబెట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నాగ వాళ్ళు కూడా ముస్లింలే. ఊళ్ళో మసీదుంది. అయితే పూర్వీకుల ఆచారాలు కూడా పాటిస్తారు. కాబట్టి దీన్ని రెండు మతాల గొడవగా చెప్తే తప్పే అవుతుంది.

వెదురు గోడలు, తాటి జాతి చెట్టు నారతో కప్పిన పైకప్పులు. ఎంతసేపు కాలతాయి చెప్పండి? ఇళ్ళతో పాటు పాత రాతప్రతులు, తరాలుగా దాచుకున్న వస్తువులు బూడిదైపోయాయి. అప్పట్నుంచి తమ ఊరి చరిత్ర గురించి అడిగితే వాళ్ళు ఒక మాటంటారు: ‘పరెఉమెఉన్ ఒబోర్’. కాగడా ఆరిపోయింది అని అర్థం.

అందుకే ఊరి మూలపురుషుడు సెంబా దలెం సింగపర్ణ ఏ కాలం వాడో ఎవరూ తేల్చలేరు. సిరబోన్‌లో ఇస్లాం వ్యాప్తి చేసిన సునన్ గునుంగ్ జాతి ఆయన్ని పడమటికి పంపాడని, ఇక్కడ ధ్యానంలో కూర్చుంటే ఇక్కడే ఉండమని ఆదేశం వచ్చిందని ఒక కథ. వేరే కథలూ ఉన్నాయి. ఏది నిజమో చూపించే కాగితమే లేదు.

కానీ ఫ్రెండ్స్, నాకు ఆశ్చర్యం అనిపించేది దాని తర్వాత జరిగింది. కాలిన ఊరిని వాళ్ళు మళ్ళీ అచ్చం అలాగే కట్టుకున్నారు. ప్లాన్ కాగితం మీద లేదు మరి, చేతుల్లో ఉంది. ప్రతి ఇల్లూ ఉత్తరానికో దక్షిణానికో చూడాలి. ఇంటి ముందు తలుపు, వంటింటి తలుపు ఒకే వైపు ఉండాలి. వెనక వైపు ఎదురుగా ఇంకో తలుపు పెడితే వచ్చిన సిరి అటే పోతుందని నమ్మకం. నేల రాళ్ళ మీద కాస్త ఎత్తులో ఉండాలి. గోడలకు సున్నం తప్ప రంగు వేయకూడదు. స్నానాలగదులు, పశువుల పాకలు కంచె బయట, చెరువుల పక్కన. వీటన్నిటికీ వాళ్ళు చెప్పే కారణం ఒక్కటే మాట: ‘పమాలి’. మన పెద్దవాళ్ళు ‘అరిష్టం, చేయకూడదు’ అంటారే, అలాంటిదే. ఎందుకని అడిగితే జవాబుండదు.

ఇది మూఢనమ్మకం కాదా అని మీలో కొందరు అంటారు. ఉండొచ్చు. కానీ 2009 సెప్టెంబర్ 2న తసిక్‌మలాయ ప్రాంతంలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. చుట్టుపక్కల ఇటుక ఇళ్ళు వేలల్లో దెబ్బతిన్నాయి. నాగలో రాళ్ళ మీద నిలబెట్టిన వెదురు ఇళ్ళు ఊగి, మళ్ళీ నిలబడ్డాయి. ఇక గలుంగ్గుంగ్ సంగతి తెలుసు కదా. 1982 జూన్ 24 రాత్రి దాని బూడిద మేఘంలోకి వెళ్ళి బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. ఎలాగో జకార్తాలో దిగింది. అలాంటి కొండ పొరుగున వీళ్ళ కాపురం.

ఊరికి పడమర వైపు అడవిలో పూర్వీకుల సమాధులున్నాయి. ఏడాదికి ఆరుసార్లు ‘హజత్ సాసి’ అనే వేడుక చేస్తారు. మగవాళ్ళు చివులన్‌లో మునిగి, తెల్లటి అంగీలు వేసుకుని, చీపుళ్ళు పట్టుకుని వెళ్ళి సమాధులు శుభ్రం చేస్తారు. ఊరు చిన్నది కాబట్టి పెళ్ళయిన చాలామందికి చోటుండదు, బయట ఊళ్ళలో స్థిరపడతారు. వాళ్ళు ‘సానాగ’. వేడుకకి ఇంటికొస్తారు, మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు.

కరెంటు? ఊళ్ళోకి రానివ్వలేదు. నార కప్పులకి నిప్పురవ్వ చాలు అన్నది ఒక కారణం. ఒకరింట్లో ఫ్రిజ్ వస్తే పక్కింటివాళ్ళకి ఆశ పుడుతుంది, ఇళ్ళన్నీ ఒకేలా ఉండవు అన్నది రెండోది. అలాగని టీవీ చూడరనుకోకండి, బ్యాటరీ పెట్టి చూసేవాళ్ళున్నారు. పిల్లలు మెట్లెక్కి స్కూలుకెళ్తారు. అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలింది. 2007 నుంచి ఇండోనేషియా ప్రభుత్వం కిరోసిన్ సబ్సిడీ తగ్గిస్తూ అందరికీ గ్యాస్ ఇచ్చింది. వంటకి సరే, మరి దీపానికి? కరెంటు వద్దనుకున్న ఊరికి కిరోసిన్ ఖరీదైపోయింది. ‘సంప్రదాయం కాపాడుకోండి’ అని టూరిజం బోర్డు మీద రాయడం తేలిక, దానికి బిల్లు కట్టేది మాత్రం ఊరివాళ్ళే.

మీరెప్పుడైనా వెళ్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. బూమి అగెఉంగ్ అనే పవిత్ర గృహాన్ని ఫోటో తీయకూడదు, ఫోన్ జేబులో పెట్టేయండి. రెండోది, మంగళ, బుధ, శనివారాల్లో ఊరి పుట్టుక గురించి, ఆచారాల గురించి అడగొద్దు. ఆ రోజుల్లో ఆ కబుర్లు చెప్పడం పమాలి. ఆదివారం వెళ్ళండి, మిగిలినంత వరకు చెప్తారు.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.