పన్నెండవ తరగతి తెలుగు వాచకము – కరిసల్ నేల పిల్లలు



జూన్ నెలలో బడులు తెరచుకొనగానే పన్నెండవ తరగతి విద్యార్థి ఇంటికి తెచ్చుకొనే పుస్తకాలలో అందరికంటె తక్కువ గౌరవము పొందేది భాషా వాచకము. లెక్కలు, భౌతికశాస్త్రము, వాణిజ్యశాస్త్రము పై చదువులకు పనికివస్తాయి. భాషను మాత్రము ఉత్తీర్ణత కోసము చదువుతారు. తెలుగు తీసికొన్నవారికి అందులో పద్యభాగము, గద్యభాగము, ఉపవాచకము, వ్యాకరణము ఉంటాయి. తమిళనాడులో పదకొండు, పన్నెండు తరగతులలో మొదటి భాషగా తెలుగును ఎన్నుకొనే వీలు ఉన్నదని కోవిల్పట్టి, విరుదునగరము పక్క పల్లెలలోని తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఎరుగరు. ఎరిగినవారికి ఆ పాఠము చెప్పే బడి దగ్గరలో దొరకదు. ఈ స్థితి ఒక్క రోజులో రాలేదు. వచ్చిన దారిని మీకు చెప్పడానికే ఈ వ్యాసము.

తెలుగువారు ఈ నల్లరేగడి నేలకు (తమిళములో కరిసల్ అంటారు) వచ్చి నాలుగైదు వందల ఏండ్లయినది. విజయనగర ప్రభువుల తరఫున విశ్వనాథ నాయకుడు 1529లో మధుర పాలనను చేపట్టిన తరువాత ఈ సీమను 72 పాళెములుగా విభజించినారని చరిత్ర పుస్తకాలలో మీరు చదివే ఉంటారు. ఎట్టయపురము, పాంచాలంకురిచ్చి ఆ పాళెములలోనివే. 1799లో కయత్తారులో ఆంగ్లేయులు ఉరితీసిన కట్టబొమ్మన ఇంట మాట్లాడినది తెలుగే. అయితే తెలుగు అనగానే పాళెగాండ్రను, భూస్వాములను మాత్రమే తలచుకోవడము మనకు అలవాటైపోయినది. ఇది సరికాదు. కమ్మవారు, రెడ్లు, రాజపాళయము రాజులు ఎంత తెలుగువారో, పొలములోను, పారిశుద్ధ్యపు పనిలోను ఒళ్ళు వంచే అరుంధతీయులు కూడా అంతే తెలుగువారు. మన వాచకాలు, మన సంఘాలు వారిని ఎన్నడూ లెక్కలోనికి తీసికోలేదు. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగును తల్లినుడిగా చెప్పుకొన్నవారు 42 లక్షల పైచిలుకు, అనగా నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ.

మాట నిలిచినది సరే, లిపి ఏమైనది? ఇక్కడ ఒక పుస్తకమును తప్పక తలచుకోవాలి. కోవిల్పట్టికి తూర్పున కొద్ది దూరములో ఉన్న ఎట్టయపురములో ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసినారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితుల మనుమడైన సుబ్బరామ దీక్షితులు ఆ సంస్థానములోనే ఉండి, అక్కడి ప్రభువుల ఆదరముతో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో వెలువరించినారు. కర్ణాటక సంగీతానికి ఇంతటి ఆకరగ్రంథము మరొకటి లేదంటారు. ఆ గ్రంథము అచ్చయినది తెలుగు లిపిలో, తెలుగు వివరణలతో! నూట ఇరవై ఏండ్ల క్రితము ఎట్టయపురములో తెలుగు అక్షరములు కూర్చే అచ్చుకూటము, వాటిని చదువగల పండితులు ఉన్నారన్న మాట. సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టినదీ ఆ ఊరిలోనే. ఈనాడు అక్కడి తెలుగు ఇంటి బిడ్డకు ఆ గ్రంథపు అట్టమీది పేరు చూపితే కూడబలుక్కొనైనా చదువలేడు. ఆ పిల్లవానిని తప్పు పట్టడము న్యాయము కాదు.

బడిలో నిర్ణయించిన సాహిత్యము చదివించే పద్ధతి మద్రాసు విశ్వవిద్యాలయముతో బలపడినది. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ 1853లోను, ‘బాలవ్యాకరణము’ 1858లోను వచ్చినవి. తరతరాల విద్యార్థులకు తెలుగు వచనమంటే నీతిచంద్రికయే. తరువాత స్కూలు ఫైనల్ విద్యార్థి తెలుగు వ్యాసమును ఏ భాషలో వ్రాయవలెనన్న పెద్ద వాదము 1911 మొదలు నాలుగేండ్లు నడిచినది. వాడుకభాష వైపు గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, తమిళుడైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు, బడుల తనిఖీ అధికారి జె.ఎ. యేట్సు నిలిచినారు. గ్రాంథికము వైపు జయంతి రామయ్య పంతులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిలిచినవి. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రమును విశ్వవిద్యాలయానికి సమర్పించినాడు. అప్పటికి గ్రాంథికమే నెగ్గినది. ఇంతటి వాదానికి మూలము, ఆలోచించి చూడండి, చివరి తరగతి పిల్లవాడు పరీక్షలో వ్రాసే ఒక వ్యాసము!

ఆ వాదములో ఇరుపక్షాలవారూ గోదావరి, కృష్ణా, విశాఖ మండలాల పిల్లవానినే కన్నుల ముందు ఉంచుకొన్నారు. తిరునెల్వేలి, రామనాథపురము జిల్లాల తెలుగు బిడ్డ ఎవరి తలంపులోనూ లేడు. మన పిల్లలకు గ్రాంథికము ఎంత దూరమో, కోస్తా వాడుకభాష కూడా అంతే దూరము. తరగతిలో నేను నిత్యము చూచేది చెబుతాను. ‘భోజనము’ అన్న మాట పిల్లలకు పుస్తకపు మాట. ఇంట వారు తినేది కూడు. ఆంధ్ర దేశములో ఈనాడు ఆ మాట అంటే మోటు అని ముఖము చిట్లిస్తారు. కాని పాత కావ్యాలలో కూడు నిండుగా ఉన్నది. పద్యములో ఆ మాట కనబడగానే వెనుక బల్లమీది పిల్లవాడు తల ఎత్తుతాడు, తన అవ్వ మాట పుస్తకములోనికి ఎట్లు వచ్చినదా అని! ఆ ఒక్క క్షణము కోసమే పద్యభాగమును తీసివేయరాదని నేను వాదిస్తాను. ఇంట ‘ఉండాది’ అని పలికే బిడ్డను ‘అది తప్పు, ఉంది అనాలి’ అని దిద్దే ఉపాధ్యాయుడు మేలు కంటె కీడే ఎక్కువ చేస్తున్నాడు.

ఇక మన కాలపు సంగతులు. 1978లో తమిళనాట ‘ప్లస్ టూ’ చదువు వచ్చినది. పదకొండవ తరగతితో ముగిసే పాత ఎస్.ఎస్.ఎల్.సి. పోయి, చివరి ఏడు పన్నెండవ తరగతి అయినది. భాషకు రెండు ప్రశ్నపత్రములు ఉండేవి. 2018-19 నుండి రెండూ ఒకటైనవి. పిల్లలకు భారము తగ్గినదన్నది నిజమే. ఉపవాచకమును తీరికగా చదివే అలవాటు కూడా దానితోపాటే తగ్గినది.

దానికంటె పెద్ద మార్పు 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము. 2006-07లో ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటేటా ఒక్కొక్క తరగతి చొప్పున పదవ తరగతి వరకు తమిళమును మొదటి భాషగా తప్పనిసరి చేసినారు. తల్లినుడి వేరైనవారు దానిని ఐచ్ఛిక విషయముగా చదువుకోవచ్చును. తమిళనాట బ్రతికే బిడ్డ తమిళము నేర్వవలెనన్న మాటను నేను కాదనను. మన పిల్లలకు తమిళము తెలుగుకంటె బాగుగా వచ్చును. చిక్కు మరొక చోట ఉన్నది. ఆ మొదటి జట్టు పదవ తరగతి పరీక్షకు వచ్చిన 2016లో భాషా అల్పసంఖ్యాకులు మద్రాసు ఉన్నత న్యాయస్థానమునకు పోయి మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చినది. 2023లో సర్వోన్నత న్యాయస్థానము ఇంకొక ఏడాది పొడిగించినది. ఇట్లు ఏటికేడు న్యాయస్థానము వంక చూచే చదువు ఎట్లు సాగుతుందో మీరే ఊహించండి. ఆ మినహాయింపులు కూడా హోసూరు, కృష్ణగిరి వంటి ఉత్తర సరిహద్దులలోని తెలుగు మాధ్యమ బడులకే ఎక్కువగా అక్కరకు వచ్చినవి. మన దక్షిణాన, పదేండ్లు తెలుగు అక్షరము చూడని బిడ్డకు పదకొండవ తరగతిలో ‘కావలెనంటే తెలుగు తీసికో’ అంటే ఎవరు తీసికొంటారు? తీసికొనేవారు లేకపోతే ఉపాధ్యాయుని పోస్టు పోతుంది. పోస్టు పోయినాక తీసికొందామన్నా చెప్పేవారుండరు.

ఇందులో ఒక వింత ఉన్నది. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామములో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. బడి చదువు చాల కొద్ది. అయినా పుదుచ్చేరి విశ్వవిద్యాలయములో ఆచార్యుడై జానపద సాహిత్యమును గురించి పాఠములు చెప్పినాడు. 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామము’లో తెలుగువారు ఉత్తరము నుండి తరలివచ్చి ఈ కరిసల్ నేలను సాగుకు తెచ్చుకొన్న కథను తమిళములో చెప్పినాడు. దాని తరువాతి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినది. 2021లో ఆయన మరణించినాడు. ఆ రెండవ నవలలోని ఒక ఘట్టము ఈ రాష్ట్రపు పదవ తరగతి తమిళ వాచకములో పాఠముగా చేరినది. ఆకలితో సొమ్మసిల్లిన బాటసారిని ఆదరించి కడుపు నింపించే ఆ పల్లెవాని పేరు అన్నమయ్య! అనగా మన పూర్వుల వలసకథను మన పిల్లలు చదువుతూనే ఉన్నారు, తమిళ పాఠముగా. అది తమ కథ అని వారికి చెప్పేవారు అరుదు.

కనుక మీకు నా విన్నపము ఇది. మీ బిడ్డ పదవ తరగతిలో ఉంటే, ఆ పాఠము వచ్చినప్పుడు ఇంటిలో పెద్దవారి చేత ఆ కథను తెలుగులో చెప్పించండి. మీ ఊరికి మీ వంశమువారు ఎట్లు వచ్చినారో ముసలివారు తప్పక చెబుతారు. దానిని బిడ్డ చేత వ్రాయించండి. తెలుగు అక్షరములు రాకపోతే తమిళ అక్షరములతోనే వ్రాయనీయండి. పదకొండవ తరగతిలో చేర్చబోయే ముందు, మే నెలలోనే, మొదటి భాషగా తెలుగు చెప్పే వసతి ఉన్నదా అని ప్రధానోపాధ్యాయుని వ్రాతమూలముగా అడగండి. ‘లేదు’ అంటే ఆ జవాబును కూడా వ్రాతలోనే తీసికొని దాచిపెట్టండి. నోటిమాటగా అడిగి తిరిగి వచ్చినవారు ఏ లెక్కలోనూ చేరరు.