తిరగేసిన తరగతి: ఉన్నత పాఠశాల గణిత బోధనలో ఒక ప్రయోగం, దాని మూల్యాంకనం

1. పరిచయం

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అనే బోధనా పద్ధతి ఎలా రూపుదిద్దుకుందో వివరించగలగాలి. గణిత బోధనలో దాని ఫలితాలుగా చూపే అంకెలను విమర్శనాత్మకంగా చదవగలగాలి. ఆ పద్ధతి ఏ విద్యార్థికి మేలు చేసింది అనే ప్రశ్న ఎందుకు ముఖ్యమో చెప్పగలగాలి.

మామూలు గణిత తరగతిని గుర్తుకు తెచ్చుకోండి. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద సిద్ధాంతాన్ని వివరిస్తాడు, రెండు మాదిరి లెక్కలు చేసి చూపిస్తాడు, అభ్యాసంలోని లెక్కలను ఇంటిపనిగా ఇస్తాడు. విద్యార్థికి అసలు చిక్కు ఎదురయ్యేది ఆ లెక్కలు చేసేటప్పుడే. అప్పుడు పక్కన ఉపాధ్యాయుడు ఉండడు. చదువుకున్న తల్లిదండ్రులో, ట్యూషనో ఉన్న పిల్లలు గట్టెక్కుతారు. మిగతావారు మరునాడు పొద్దున పక్కవాడి నోటుపుస్తకం చూసి ఎక్కించుకుంటారు.

ఈ క్రమాన్ని తారుమారు చేసేదే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. దీన్ని మనం ఈ పాఠంలో ‘తిరగేసిన తరగతి’ అందాం. ఇందులో విద్యార్థి పాఠ వివరణను ముందుగా ఇంటిదగ్గర వీడియోలోనో, పుస్తకంలోనో తెలుసుకుంటాడు. లెక్కలు మాత్రం తరగతిలో, ఉపాధ్యాయుడి సమక్షంలో చేస్తాడు.

2. పూర్వరంగం

ఈ ఆలోచన కంప్యూటర్ల కాలంలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. దాని మూలాలు అంతకంటే చాలా పాతవి. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీకి 1817 నుంచి 1833 వరకు అధిపతిగా ఉన్న సిల్వేనస్ థేయర్ హయాంలో గణిత పాఠాన్ని క్యాడెట్లు ముందుగా చదువుకొని రావాలి. తరగతిలో చిన్న బృందాలుగా నల్లబల్లల దగ్గర నిలబడి, తాము చేసిన లెక్కను వివరించాలి. అక్కడ వీడియో స్థానంలో అచ్చు పుస్తకం ఉండేది.

1991లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ తన ఉపన్యాసాలను తగ్గించి, విద్యార్థులు ఒకరికొకరు వివరించుకునే పద్ధతిని ప్రారంభించాడు. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధించిన లేజ్, ప్లాట్, ట్రెగ్లియా తమ ‘తారుమారు తరగతి’ అనుభవాన్ని 2000లో ఒక వ్యాసంగా ప్రచురించారు.

ఉన్నత పాఠశాల స్థాయిలో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చినవారు కొలరాడో రాష్ట్రంలోని వుడ్‌లాండ్ పార్క్ హైస్కూలు రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్. ఆటల పోటీల వంటి పనుల మీద వెళ్ళి తరగతులు కోల్పోతున్న పిల్లల కోసం వారు 2007లో పాఠాలను రికార్డు చేయడం మొదలుపెట్టారు. వివరణ అంతా రికార్డులో ఉన్నప్పుడు తరగతి సమయాన్ని మరో విధంగా వాడుకోవచ్చని ఆ తరువాత వారికి తోచింది. ఇదే కాలంలో సల్మాన్ ఖాన్ వీడియో పాఠాలు వచ్చాయి. 2004లో దూరాన ఉన్న బంధువుల అమ్మాయికి లెక్కలు చెప్పడంతో మొదలైన ఆయన ప్రయత్నం 2006లో యూట్యూబ్‌కు చేరింది, 2008లో ఖాన్ అకాడమీగా మారింది. గణితంలో మంచి వివరణ ఉచితంగా దొరకడంతో ఈ పద్ధతికి దారి సులువైంది.

3. బైరన్ హైస్కూలు ఉదంతం

గణితానికి సంబంధించి తరచుగా ఉదహరించే పాఠశాల మిన్నెసోటా రాష్ట్రంలోని బైరన్ హైస్కూలు. అక్కడ మార్పుకు మొదటి కారణం డబ్బు కొరత. కొత్త గణిత పాఠ్యపుస్తకాలు కొనడానికి నిధులు లేకపోవడంతో గణిత ఉపాధ్యాయులే కూర్చుని పాఠ్యప్రణాళికను స్వయంగా రాసుకున్నారు. ఆ తరువాత పాఠాలను వీడియోలుగా తీసి, 2010-11 విద్యా సంవత్సరం నుంచి తరగతులను తిరగేశారు. 2011లో ఆ పాఠశాల ఉన్నత పాఠశాల గణిత విభాగంలో ఇంటెల్ సంస్థ పురస్కారం పొందింది.

ఈ ఉదంతాన్ని చెప్పేవారు సాధారణంగా రెండు అంకెలు ఇస్తారు. రాష్ట్ర గణిత పరీక్షలో నిర్ణీత స్థాయిని అందుకున్న విద్యార్థులు 2006లో 29.9 శాతం, 2011లో 73.8 శాతం. అంటే 43.9 శాతం పాయింట్ల పెరుగుదల. ఏ ప్రధానోపాధ్యాయుడికైనా ఈ అంకెలు చూస్తే ఆశ పుడుతుంది.

ఇప్పుడు మధ్యలో ఉన్న మూడో అంకెను చూడండి. 2010లో ఆ శాతం 65.6. దీన్ని కలిపితే చిత్రం మారుతుంది. 2006 నుంచి 2010 వరకు పెరిగింది 35.7 పాయింట్లు. 2010 నుంచి 2011కి పెరిగింది 8.2 పాయింట్లు. పెరుగుదలలో అయిదింట నాలుగు వంతులు పాఠశాల ఈ పద్ధతికి మారకముందే వచ్చాయి. ఆ నాలుగేళ్ళ మెరుగుదలను వీడియోల ఖాతాలో వేయలేం.

కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకి వల్లనే రాలిందని అనుకోవడాన్ని మన పెద్దలు కాకతాళీయ న్యాయం అన్నారు. చరిత్ర విద్యార్థులుగా మీరు ఎప్పుడూ గుర్తుంచుకోవలసిన హెచ్చరిక ఇది. ‘దాని తరువాత’ జరిగినదంతా ‘దాని వల్ల’ జరిగినట్లు కాదు. బైరన్‌లో పండు చాలావరకు ముందే పండింది. మరి ఆ 8.2 పాయింట్లయినా కొత్త పద్ధతి వల్లనే వచ్చాయా? అది చెప్పాలంటే ఆ ఏడాది రాష్ట్రంలోని మిగతా పాఠశాలల ఫలితాలు ఎలా ఉన్నాయో చూడాలి. ఉపాధ్యాయులు కలిసి సొంత పాఠ్యప్రణాళిక రాసుకోవడం వల్ల వచ్చిన మేలు ఎంతో విడదీయాలి. ఒకే పాఠశాల రెండు సంవత్సరాల ఫలితాలతో ఈ పని సాధ్యం కాదు.

4. పోలిక ఉన్న అధ్యయనాలు

అందుకే పరిశోధకులు ఒకే కాలంలో రెండు సమూహాలను పోల్చి చూశారు. తైవాన్‌లో 82 మంది హైస్కూలు విద్యార్థులపై కౌశల్ కుమార్ భగత్, ఆయన సహచరులు చేసిన త్రికోణమితి అధ్యయనం 2016లో వెలువడింది. తిరగేసిన తరగతిలోని వారు మెరుగైన ఫలితాలు సాధించారు. వెనుకబడిన విద్యార్థులకు కూడా ఇది ఉపకరించింది. అయితే అమెరికాలో 9వ తరగతి బీజగణితంపై 2015లో ప్రచురితమైన కెవిన్ క్లార్క్ అధ్యయనంలో విద్యార్థుల ఆసక్తి పెరిగినా, మార్కులలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఇలాంటి అధ్యయనాలను కూడగట్టి లో, హ్యూ, చెన్ 2017లో ఒక విశ్లేషణ చేశారు. గణితంలో రెండు పద్ధతులను పోల్చిన 21 అధ్యయనాల ఫలితాలను కలిపి చూస్తే తిరగేసిన తరగతికి అనుకూలంగా 0.298 ప్రభావ పరిమాణం వచ్చింది. సాధారణ తరగతిలో 100 మందిలో 50వ స్థానంలో ఉండే విద్యార్థి, ఇంత తేడా వస్తే సుమారు 38వ స్థానానికి ఎక్కుతాడు. ఇది ప్రయోజనమే. బైరన్ అంకెలు రేకెత్తించే ఆశతో పోలిస్తే మాత్రం చిన్నది. తరగతి మొదట్లో చిన్న పరీక్ష పెట్టినచోట ప్రభావం ఎక్కువగా ఉందని కూడా ఆ విశ్లేషణ చూపింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఎవరు పాఠం చూసి వచ్చారో, ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో అయిదు నిమిషాల్లో తెలిస్తే, మిగిలిన సమయాన్ని ఎవరి దగ్గర గడపాలో ఉపాధ్యాయుడికి తెలుస్తుంది.

ఇక వెస్ట్ పాయింట్‌కు తిరిగి వద్దాం. థేయర్ కాలం తరువాత దాదాపు రెండు శతాబ్దాలకు అక్కడే 80 తరగతుల్లో 1,328 మంది విద్యార్థులతో ఒక ప్రయోగం జరిగింది. ఏ తరగతిని తిరగేయాలో, దేన్ని మామూలుగా ఉంచాలో యాదృచ్ఛికంగా, అంటే చీటీలు తీసినట్లుగా నిర్ణయించారు. వీరు హైస్కూలు దాటినవారే అయినా, ప్రయోగ నిర్మాణం గట్టిది కాబట్టి మనకు ఉపయోగపడుతుంది. గణితంలో స్వల్పకాలిక లాభం కనిపించింది. అర్థశాస్త్రంలో ప్రభావం లేదు. గణితంలోని లాభం కూడా సగటున చివరి పరీక్ష దాకా నిలవలేదు. పైగా లాభపడినవారిలో ముందునుంచే బాగా చదివేవారు ఎక్కువ. వారికీ, వెనుకబడినవారికీ మధ్య అంతరం పెరిగింది, ఆ అంతరం నిలిచిపోయింది.

తైవాన్ ఫలితాన్నీ, ఈ ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట వెనుకబడినవారు ముందుకు వచ్చారు, మరోచోట ఇంకా వెనుకపడ్డారు. రెండుచోట్లా పద్ధతి పేరు ఒక్కటే. కాబట్టి సగటు మార్కు ఒక్కటే చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

5. మన రాష్ట్రాల అనుభవం

కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంపిణీ చేసింది. ఈ రెండింటినీ తిరగేసిన తరగతులు అని పిలవవచ్చా? మొదటిదానిలో ఇంట్లో జరగవలసిన సగం ఉంది. బడి మూతపడినందున రెండో సగం లేదు. రెండోదానిలో పరికరం ఇంటికి చేరింది. కానీ దాని కారణంగా గణితం పీరియడ్‌లో జరిగే పని మారినప్పుడే తరగతి తిరగబడినట్లు.

ఒక ఫోనును తండ్రి పనికి తీసుకుపోతే, ఆ ఇంట్లో పాఠం చూసే సమయం రాత్రికి గాని రాదు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ చదువుతుంటే అదీ సగమవుతుంది. చూడకుండా వచ్చిన పిల్లవాడికి తరగతిలో మళ్ళీ వివరించేవారు లేకపోతే, పాత పద్ధతిలో అందిన కాస్త వివరణ కూడా అతనికి అందకుండా పోతుంది. అలాంటి పిల్లల కోసం అచ్చు పాఠమో, బడిలోనే చూసే ఏర్పాటో ఉండాలి.

దూరవిద్యా విద్యార్థులైన మీకు ఈ విషయం సొంత అనుభవమే. ఈ పుస్తకాన్ని ఇంటిదగ్గర చదివి, సందేహాలతో సంపర్క తరగతికి రావాలన్నది మన ఏర్పాటు. చదివి వచ్చిన రోజున ఆ గంట ఎంత ఉపయోగపడిందో, చదవకుండా వచ్చిన రోజున ఎలా గడిచిందో మీకు తెలుసు. పద్ధతి విలువను తేల్చేది ఆ గంటే.

6. సారాంశం

తిరగేసిన తరగతి పాత ఆలోచనకు కొత్త సాధనం తోడైన పద్ధతి. గణితంలో దానివల్ల సగటున కొంత ప్రయోజనం ఉంది, కానీ అది అందరికీ సమానంగా అందదు. ఎవరైనా మీకు దాని విజయాన్ని చూపినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

(అ) అదే కాలంలో, అదే పరీక్ష రాసిన మరో సమూహంతో పోల్చారా?
(ఆ) తక్కువ మార్కుల విద్యార్థుల ఫలితాలను విడిగా చూపారా?
(ఇ) మిగిలిన తరగతి సమయంలో ఏం చేశారు?
(ఈ) కొన్ని నెలల తరువాత మళ్ళీ పరీక్షిస్తే లాభం నిలిచిందా?

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బైరన్ హైస్కూలు ఫలితాలలో 2010 నాటి అంకె ఎందుకు కీలకమో 10 పంక్తులలో వివరించండి.
2. తైవాన్, వెస్ట్ పాయింట్ అధ్యయనాల ఫలితాలను పోల్చి, తేడాకు మీకు తోచిన రెండు కారణాలు రాయండి.
3. మీకు తెలిసిన ఒక ఉన్నత పాఠశాలలో 9వ తరగతి గణితాన్ని ఈ పద్ధతిలో బోధించాలనుకుందాం. ఇంట్లో ఫోను లేని విద్యార్థులు నష్టపోకుండా ఏ ఏర్పాట్లు చేస్తారు? వారు నష్టపోలేదని సంవత్సరాంతంలో ఎలా నిరూపిస్తారు?