కన్నమదాసు పేరులోని దాసు

మొన్న కారంపూడి వీరుల గుడి దగ్గర ఒకాయన తన పిల్లలకు చెబుతుంటే విన్నాను, పల్నాటి యుద్ధ వీరుడు కన్నమదాసు అంటే, ఆ యుద్ధంలో మాచర్ల పక్షాన్ని నడిపిన బ్రహ్మనాయుడి ఇంట్లో ఊడిగం చేసిన మనిషని. అక్కడే కాదన్నాను. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు గనుక ఇప్పుడు రాస్తున్నాను.

ఆ దాసు ఎవరికి? మాచర్ల చెన్నకేశవుడికి. బ్రహ్మనాయుడు కొలిచిన దేవుడూ ఆయనే. వైష్ణవంలో దాసు అనిపించుకోవడం గౌరవం. మాలపల్లెల్లో నామం పెట్టి పూజలు చేయించే దాసరులను చూసిన పల్నాటివాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. పైగా పల్నాటి వీరుల కథ కన్నమదాసును బ్రహ్మనాయుడి పెంపుడు కొడుకంటుంది, సేనాపతి అంటుంది. చేతిలో భైరవఖడ్గం పెడుతుంది. పేరున్న కత్తిని ఊడిగపువాడి చేతికి ఎవరిస్తారు? పన్నెండో శతాబ్దంలో ఒక మాల వీరుడు సైన్యాన్ని నడిపాడంటే మింగుడుపడని వాళ్లే ఆ పేరుకు ఈ అర్థం లాగారని నా నమ్మకం.

అంతటి కత్తి కన్నమదాసు చేతిలో ఉన్నా, పల్నాటి కత్తివీరుడనగానే అందరి నోటా బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడే. శ్రీనాథుడి పేరున మనకు మిగిలిన వీరచరిత్రలో ఎక్కువ భాగం బాలుడి కథే. 1911లో దాన్ని అచ్చువేయించిన అక్కిరాజు ఉమాకాంతంగారికి పల్నాడు రుణపడి ఉంది. కానీ అచ్చులో ఉన్నదే చరిత్ర అనుకోవడం తరవాతివాళ్ల తప్పు. పల్నాటి యుద్ధం మీద 1947లోనూ 1966లోనూ వచ్చిన సినిమాలు చూసి కథంతా తెలిసిందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘేర్ మాత్రం ఈ కథను పాడే వీరవిద్యావంతుల దగ్గర కూర్చుని, పాట విని, 1982లో పుస్తకం తెచ్చాడు. 

ఆ పాట నిలబెట్టింది మాల కళాకారులే. కారంపూడిలో కార్తీక అమావాస్య మొదలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజుల తిరునాళ్లు. మందపోరు నాడు చాపకూడు. అన్ని కులాలూ ఒకే చాప మీద తిన్న ఆ కూటికి కన్నమదాసు పేరు తలవకుండా విస్తరి వేయడం నాకు న్యాయంగా తోచదు.

ఈ కార్తీకానికి వచ్చేవాళ్లు నాగులేట్లో స్నానం చేసి, వీరుల ఆయుధాలైన కొణతాలకు దణ్ణం పెట్టుకుని అటే వెళ్లిపోకండి. రాత్రి గుడి దగ్గర కూర్చుని, కన్నమదాసు ఘట్టం పాడమని విద్యావంతులను అడగండి.