ఆడవాళ్ల కొలెస్ట్రాల్ లెక్క వేరు: గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతులు

అరసవల్లి (శ్రీకాకుళం): ఇంట్లో మగవాళ్లకి నలభై అయిదు దాటితే చాలు, "ఒకసారి కొలెస్ట్రాల్ చూపించుకోండి" అంటాం. అమ్మీకో, ఖాలాకో ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ. ఆడవాళ్లకి గుండెపోటు రాదన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. అది సగమే నిజం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం (2004) ప్రకారం ఆడవాళ్లకి మొదటి గుండెపోటు మగవాళ్ల కంటే సుమారు తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఆలస్యమే తప్ప, రాకుండా పోదు.

ఈ ఆలస్యానికి ముఖ్య కారణాల్లో ఒకటి ఈస్ట్రోజన్ అనే హార్మోన్. అండాశయాల్లో తయారయ్యే ఇది చెడు కొలెస్ట్రాల్‌ని (ఎల్‌డీఎల్) అదుపులో ఉంచి, మంచిదాన్ని (హెచ్‌డీఎల్) కాస్త పెంచుతుంది. అందుకే హెచ్‌డీఎల్ మగవాళ్లకి 40 ఉంటే సరిపోతుంది గానీ ఆడవాళ్లకి 50 ఉండాలంటారు. మీ రిపోర్టులో ఇద్దరికీ ఒకే అంకె వేసి ఉంటే ఈ తేడా గుర్తుపెట్టుకుని చదువుకోండి. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ పైకి పోతుంది. షుగర్ ఉన్న ఆడవాళ్లకైతే ఈ రక్షణ ముందే చాలావరకు పోతుంది.

మన రాష్ట్రంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలోనే ఎక్కువ. తెలంగాణలో 7.7. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక దానితో పనేముంది" అనే మాట ఎన్ని ఇళ్లలో వినపడదు! గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే యాభై దాటినట్టు శరీరం మారిపోతుంది. అండాశయాలు ఉంచినా పూర్తి నిశ్చింత లేదు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అండాశయాలు ఉంచి 35 ఏళ్లలోపే గర్భసంచి తీసినవాళ్లకి గుండె రక్తనాళాల జబ్బు ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది. ఆపరేషనే కారణమని దీన్నిబట్టి తేల్చలేం. కానీ అలాంటివాళ్లకి పరీక్షలు ముందే మొదలుపెట్టాలన్నది మాత్రం అర్థమవుతుంది.

ఇక రెండో సంగతి, రోగనిరోధక శక్తి. కొలెస్ట్రాల్ ఊరికే పైపులో మడ్డిలా పేరుకోదు. ఎల్‌డీఎల్ రక్తనాళం గోడలోకి దూరి పాడైతే, తెల్లరక్తకణాలు దాన్ని శత్రువనుకుని మింగుతాయి. మింగి మింగి అక్కడే ఉబ్బిపోతాయి, వాపు మొదలవుతుంది. పూడిక అంటే ఇదే. ఆడవాళ్లలో ఈ రక్షణ వ్యవస్థ మగవాళ్ల కంటే చురుకు. రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండటం, వాటి మీద కొన్ని రోగనిరోధక జన్యువులు ఉండటం ఒక కారణం. ఇన్ఫెక్షన్లతో పోరాడటానికి మంచిదే, కానీ అదే చురుకు ఒక్కోసారి సొంత ఒంటి మీదికే తిరుగుతుంది. లూపస్ వచ్చినవాళ్లలో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లే. రుమటాయిడ్ కీళ్ల జబ్బు కూడా వాళ్లకే ఎక్కువ. ఈ కీళ్ల జబ్బు ముదిరినప్పుడు ఎల్‌డీఎల్ అంకె తక్కువగా కనిపించవచ్చు, గుండె ముప్పు మాత్రం పెరిగే ఉంటుంది. రిపోర్టు బాగుందని మోసపోయేది ఇలాంటప్పుడే.

అందుకే వాపుని కొలిచే హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే రక్త పరీక్ష గురించి డాక్టర్‌ని అడగొచ్చు. హార్వర్డ్‌లో పాల్ రిడ్కర్ బృందం 2000లో 28 వేల మందికి పైగా ఆడవాళ్ల వివరాలతో చూపించింది ఇదే: ఎల్‌డీఎల్ మామూలుగా ఉన్నా సీఆర్‌పీ ఎక్కువుంటే ముప్పు ఎక్కువ. జలుబు, జ్వరం ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయించొద్దు, అంకె తప్పుగా వస్తుంది.

గుండెపోటులో ఆడవాళ్లకీ ఛాతీ నొప్పి వస్తుంది. దాంతో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడ నొప్పి, వీపు నొప్పి, వాంతి వచ్చినట్టుండటం, విపరీతమైన నీరసం రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

గర్భంలో బీపీ లేదా షుగర్ వచ్చిందా, నెలసరి నలభైకి ముందే ఆగిందా అన్నవి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. గర్భసంచి ఆపరేషన్ అయిన ఆపాలు డిశ్చార్జ్ కాగితం వెంట తీసుకెళ్లండి. అండాశయాలు ఉంచారో తీశారో అందులో రాసి ఉంటుంది.